పదిహేను మాటలు

పోయిన నెలలో ఎమ్మిగనూరులో విపత్తుల మాక్ డ్రిల్ జరిగింది. షామియానా వేశారు, నీళ్ల సీసాలు పంచారు. పసుపు జాకెట్లు తొడుక్కున్న కుర్రాళ్లు నవ్వు ఆపుకోలేకపోతున్న ఒక మనిషిని స్ట్రెచర్ మీద మోసుకుని అటూ ఇటూ తిరిగారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి మైకు పట్టుకుని, సెల్ టవర్లు పడిపోయినప్పుడు హామ్ రేడియో ఎంత అవసరమో అరగంట చెప్పాడు. మామూలు మనుషులే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటారని, సొంత సెట్టుతో, పైసా తీసుకోకుండా మాటలు చేరవేస్తారని చెప్పాడు. చివర్లో అడిగాడు: "మీ చుట్టుపక్కల హామ్ ఆపరేటర్లు ఎవరైనా ఉన్నారా?"

మా ఆఫీసు వాళ్లం ముందు వరసలోనే ఉన్నాం. మాలో ఒకాయన లేచి "ఎవరూ లేరు సార్" అన్నాడు. వరసంతా తలూపింది. నేనూ ఊపాను.

అలాంటి ఆపరేటరు ఒకాయన ఆదోనిలో పోయి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు. ఆయన అంగడి పక్కన బట్టలు కుట్టే టైలరు నాకు ఫోను చేసి చెప్పాడు కూడా. అయినా తలూపాను. ఇంటికొచ్చాక ఒళ్లు మండింది. ఆ అధికారి మీద, మా వరస మీద, అందరికంటే ఎక్కువగా నా మీద. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

పేరు రాయను. బతికున్నన్నాళ్లూ ఆ పేరుకు మేం చేసిన మర్యాద చాలు. ఆదోనిలో అందరూ రేడియో భాయ్ అనేవాళ్లు. పత్తి మార్కెట్టు వైపు పోయే సందులో చిన్న రిపేరు అంగడి. మిక్సీలు, ఫ్యాన్లు, మసీదు మైకులు, భజన గుడి ఆంప్లిఫయర్లు అన్నీ ఒకే బల్ల మీద పడి ఉండేవి. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, గళ్ల లుంగీ, చెవి మీద పెన్సిలు. పెన్ను ఎందుకు పెట్టుకోవు భాయ్ అంటే, "వానకు సిరా కరిగిపోతాదప్పా, పెన్సిలు కరగదు" అనేవాడు. వాన కోసం మొహం వాచిపోయి ఉండే సీమలో ఆ ముందుజాగ్రత్త చూసి నేను నవ్వేవాణ్ణి.

మాట్లాడేటప్పుడు ఆయనకొక వింత అలవాటు. ఎదుటివాడు మాట ముగించాక వెంటనే జవాబు చెప్పడు. రెండు క్షణాలు ఆగుతాడు. మొదట్లో చెవుడేమో అనుకున్నాను. రేడియోలో ఒకరు ఆపగానే ఇంకొకరు అందుకోకూడదని తర్వాత ఆయనే చెప్పాడు. "మద్దెలో రవ్వంత సందు ఇడ్సాల. ఎవడో ఆపదలో ఉంటాడు. వానికి దూరేదానికి తావుండాల గదా." ఆ సందు భార్య దగ్గర కూడా పాటించేవాడు. నేను వెళ్లినప్పుడల్లా ఆమె పితూరీ చెప్పేది. "సూడు సారూ, నేను తిట్టినా గూడా ఆగి జవాబు సెప్తాడు ఈ మనిషి. ఆయన ఆగేలోపల నాకు కోపం ఇంకా పెరుగుతాది." ఆయన రెండు క్షణాలు ఆగి "నిజమే" అనేవాడు. ఆమె చేతిలో ఉన్నది విసిరేసి లోపలికి పోయేది.

మిద్దె మీది నుంచి సందు చివర వేపచెట్టుకు ఏరియల్ తీగ కట్టి ఉండేది. గాలికి తెగినప్పుడల్లా చెట్టెక్కే వయసు కాదు. అందుకని వడిసెల వాడేవాడు. దేవనకొండ దిక్కు గొర్రెల కాపరుల దగ్గర నేర్చుకున్నాడట. రాయికి పురికొస కట్టి, వడిసెలలో పెట్టి, గిరగిరా తిప్పి వదిలితే రాయి సరిగ్గా అనుకున్న కొమ్మ దాటి అవతల పడేది. ఆ కొసతో తీగను పైకి లాగేవాడు. సందులో పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. పెద్దవాళ్లు మాత్రం తమ టీవీలో గీతలు పడుతున్నాయని, ఆ తీగ ఏదో గూఢచారి వ్యవహారమని గొణిగేవాళ్లు.

ఆ గొణుగుడే లైసెన్సు దగ్గర కూడా అడ్డం పడింది. పదో తరగతి దాటని మనిషి, ఇంగ్లీషు పుస్తకాన్ని ఉర్దూ లిపిలో పక్కన రాసుకుని కంఠతా పట్టి, హైదరాబాదు పోయి పరీక్ష పాసైనాడు. టకటకా కొట్టే మోర్స్ కూడా నేర్చాడు. పాసైన తర్వాత విచారణ అని ఒక పోలీసు జవాను మూడుసార్లు ఇంటికి వచ్చాడట. వచ్చిన ప్రతిసారీ ఒకే ప్రశ్న, బయటి దేశంలో మీకు ఎవరున్నారు అని. "ఏం చెప్పినావు భాయ్?" అంటే, "రాయచూరులో మా సెల్లెలుండాది, అది బయట రాష్ట్రమే గదా, అదే సెప్పినా" అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. పరీక్ష కంటే పెద్ద పరీక్ష ఆయనకు ఆయన పేరే పెట్టింది.

పోలీసుల మాటలు, ఫైరింజన్ల మాటలు వినే స్కానర్ పెట్టె ఒకటి పెట్టుకోవచ్చు కదా, తమాషాగా ఉంటుంది అని ఒకసారి అన్నాను. రెండు క్షణాలు ఆగాడు. "నాకు సెప్పని మాట నేనెందుకప్పా ఇనేది?" అన్నాడు. ఇలాంటి మనిషిని గూఢచారి అన్నారు.

ఆయన్ని మా ఆఫీసుకు తెచ్చింది తుంగభద్ర వరద. ఏ ఆఫీసో రాయను. ఏటిగట్టు ఊళ్లలో కరెంటు పోయి, టవర్లు పడుకుని, ఫోన్లు మూగబోతే, ఎవరో పై అధికారి "హామ్ ఎవరైనా ఉంటే పిలిపించండి" అన్నాడు. భాయ్ బియ్యం సంచిలో సెట్టు పెట్టుకుని, ఎవరి ట్రాక్టరుదో బ్యాటరీ అడిగి తెచ్చుకుని, ఆదోని బస్సు దిగి వచ్చాడు. మా సారు ఆ సంచిని, ఆ గడ్డాన్ని చూసి లోపలికి రానివ్వలేదు. వరండాలో మెట్ల కింద, నీళ్ల డ్రమ్ము పక్కన చోటు చూపించాడు. కుర్చీ కూడా వేయలేదు. భాయ్ ఒక బక్కెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. ఆయన చెప్పింది రాసి లోపలికి అందించే పని నాది.

మొదటి కబురుకే తప్పు చేశాను. ఆయన చెప్పాడు, నేను రాశాను. "తిరిగి సదువు" అన్నాడు. చదివాను.

"పదకొండు మాటలు ఇచ్చినా. తొమ్మిది సదివినావు. రెండు యాడ పోయినాయి?"

"అర్థం అదే కదా భాయ్."

"అర్థం నీకెందుకప్పా? అర్థం అవతలోడు సూసుకుంటాడు. నువ్వు దావవి. దావ మింద ఎన్ని బండ్లు ఎక్కినాయో అన్నీ ఆపక్క దిగాల."

నాకు కోపం వచ్చింది. డిగ్రీ చదివినవాణ్ణి, ఒక మిక్సీలు బాగుచేసే ఆయన నాతో మాటలు లెక్కపెట్టిస్తాడా అనుకున్నాను. కానీ ఆ మూడు రోజులూ ఆయన అలాగే లెక్కపెట్టించాడు. గట్టు మీద ఇద్దరు చూలింతలున్నారు అంటే ఇద్దరు అనే రాయాలి, "గర్భిణులు" అని ఊరుకోకూడదు. పుట్టి వద్దు, పడవే కావాలి అంటే ఆ "వద్దు" కూడా పోవాలి. చెప్పినదంతా పెన్సిలుతో తన నోటుపుస్తకంలో టైముతో సహా రాసుకునేవాడు. ఆ మూడు రోజుల్లో ఒక్క మాట తప్పిపోలేదు, ఒక్క ప్రాణం పోలేదు. వెళ్లేటప్పుడు మా సారు ఆయనకు చేయి కూడా కలపలేదు.

ఇప్పటికి నాలుగేళ్ల కిందట మళ్లీ అదే వరద, అవే మెట్లు, అదే బక్కెట్టు.

ఇక్కడ మా ఏటిగట్టు రైతుల అలవాటు ఒకటి చెప్పాలి. పైన డ్యాములో నీళ్లు వదిలారని వినగానే వీళ్లు గట్టెక్కరు, ఏట్లోకి దిగుతారు. ఏటి ఒడ్డున, మడుగుల్లో బిగించిన కరెంటు మోటార్లు, పైపులు అక్కడే ఉంటాయి. నీళ్లొచ్చేలోగా వాటిని విప్పి, తాళ్లు కట్టి, పైకి లాక్కోవాలి. మోటారు పోతే ఆ ఏడు పంట పోయినట్టే. కాబట్టి తెలివితక్కువతనం కాదు అది. నీళ్లెప్పుడొస్తాయో సరిగ్గా తెలిస్తే చాలు, వాళ్ల పని వాళ్లు చేసుకుని బయటపడతారు. ఆ రోజు సాయంత్రానికి నీళ్లొస్తాయని ముందురోజే టముకు వేయించాం. అందుకని మధ్యాహ్నం అందరూ నింపాదిగా ఏట్లో దిగి ఉన్నారు.

మధ్యాహ్నం అన్నం వేళకు భాయ్ సెట్టులో గరగర మొదలైంది. ఎగువన కర్ణాటక వైపు ఇంకొక హామ్, రిటైరైన బడిపంతులు, కన్నడంలో చెబుతున్నాడు. భాయ్ మొహం మారిపోయింది. పెన్సిలు తీసి తెలుగులో రాసుకుని, నన్ను కేకేసి, ఒక్కొక్క మాటే చెప్పాడు:

"నీళ్లు సాయంత్రం కాదు, గంటలో వస్తాయి. మోటార్ల కోసం ఎవరూ ఏట్లోకి దిగొద్దు. దిగినవాళ్లు మోటార్లు వదిలేసి ఇప్పుడే గట్టెక్కాలి."

పదిహేను మాటలు. తిరిగి చదివాను. పదిహేనూ ఉన్నాయి. "పో" అన్నాడు.

లోపల మా సారు చీటీ చూసి నొసలు చిట్లించాడు. "ఇదేం భాషయ్యా? దిగొద్దు, వదిలేసి రండి అని మనం రాసిస్తే, రేపు మోటార్లు కొట్టుకుపోయినవాళ్లు మనల్ని అడుగుతారు. గంటలో అని ఎవరో ప్రైవేటువాడు చెబితే రాసేయడమేనా? అఫీషియల్‌గా సాయంత్రమనే ఉంది. పద్ధతిగా రాసుకురా." పద్ధతి నాకు బాగా వచ్చు. ఇరవై ఏళ్లుగా చేస్తున్నది అదే. నిలబడ్డ చోటే రాశాను: "నదిలో నీటి ఉధృతి పెరుగుతున్నందున తీర ప్రాంత రైతులు అప్రమత్తంగా ఉండవలెను మరియు తమ వ్యవసాయ పరికరాలను భద్రపరచుకోవలెను."

భద్రపరచుకోవలెను అట! ఏ ఇంట్లో ఎవడు ఆ భాష మాట్లాడతాడు? ఏ మొగుడు పెళ్లాంతో అన్నం పెట్టవలెను అంటాడు? ఆ పదిహేను మాటల్లో ఒక్కటి కూడా నా చీటీలో లేదు. పోనీ ఊరికే పనికిరాని చీటీ అయినా బాగుండేది. పరికరాలు భద్రపరచుకోండి అంటే, పోయి మోటార్లు లాక్కోండి అనే కదా. గట్టెక్కాల్సినవాళ్లను దిగమని పంపాను. తీసేయమన్నది మా సారు. తీసింది నా చెయ్యి. సంతకం చేయించి జీపు డ్రైవరు చేతికిచ్చాను, జీపు మైకు కట్టుకుని ఏటి దిక్కు పోయింది.

వరండాలోకి రాగానే భాయ్ అడిగాడు. "పోయిన చీటీ తిరిగి సదువు." ఆయన పద్ధతి అది. తన చెయ్యి దాటిన మాట చివరికి ఎలా పోయిందో వినకుండా వదలడు. చెవిలో హెడ్‌ఫోను ఉంది, అవతల పంతులు ఇంకా మాట్లాడుతున్నాడు, లేచి రాలేడు.

"చీటీ జీపులో పోయింది భాయ్. నువ్వు చెప్పింది చెప్పినట్టే."

రెండు క్షణాలు నా మొహం చూశాడు. తలూపి మళ్లీ సెట్టు వైపు తిరిగాడు. ఆ రెండు క్షణాల్లో నేను నిజం చెప్పగలిగేవాణ్ణి. జీపు ఇంకా ఊరు దాటలేదు.

మాధవరం దగ్గర ఒక ఊళ్లో జీపు ఆ ప్రకటన చదివింది. అప్పటికే గట్టెక్కి బీడీ తాగుతున్న ముగ్గురు రైతులు, ఆఫీసువాళ్లే చెబుతున్నారు కదా అని, మిగిలిన పైపులు విప్పడానికి మళ్లీ దిగారు. నీళ్లు వచ్చాయి. ఇద్దరు తుమ్మకొమ్మలు పట్టుకుని బయటపడ్డారు. మూడో ఆయన మోటారు తాడు నడుముకు చుట్టుకుని లాగుతున్నాడు. మూడో రోజు దిగువన దొరికాడు. తాడు నడుముకే ఉంది.

విచారణ జరిగింది. రిపోర్టు మా సారు చెప్పాడు, నేను టైపు చేశాను. "ప్రైవేటు రేడియో ఆపరేటరు ద్వారా అందిన అసంపూర్ణ సమాచారం కారణంగా" అని ఉంటుంది అందులో. అసంపూర్ణ. ఆ మాట టైపు చేస్తున్నప్పుడు నా వేళ్లు ఒక్కసారైనా ఆగలేదు. భాయ్ నోటుపుస్తకాన్ని పరిశీలనకని తీసుకుని బీరువాలో పడేశారు, తిరిగి ఇవ్వలేదు. తనిఖీ అని సెట్టు కూడా పట్టుకుపోయి, కొన్ని నెలల తర్వాత అద్దం పగిలిన డబ్బా ఇచ్చారు. ఆయన ఇంకెప్పుడూ గాలిలో మాట్లాడలేదు. ఊళ్లో వాళ్లకు ఆఫీసు మనుషులే చెప్పారు, ఆ రేడియో సాయిబు సరిగ్గా చెప్పకపోబట్టే ఇదంతా అని. ఆదోని సందులో ముందే గొణుగుతున్నవాళ్లకు ఆ ముక్క చాలింది. అంగడికి మిక్సీలు రావడం తగ్గిపోయింది.

తర్వాత ఒకసారే కలిశాను. ఎమ్మిగనూరు బస్టాండులో, పట్టపగలు. తప్పించుకుందామని టీ బంకు వెనక్కి పోయాను. ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను.

"ఆ దినం నేనెన్ని మాటలు ఇచ్చినా?" అన్నాడు.

"పదిహేను."

"ఎన్ని పోయినాయి?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన ఆగాడు. ఈసారి రెండు క్షణాలు కాదు, ఆదోని బస్సు కండక్టరు ఈల వేసేదాకా ఆగాడు. తర్వాత బస్సెక్కి వెళ్లిపోయాడు. నన్ను పట్టించాలంటే ఆయనకు ఒక్క అర్జీ చాలు. పెట్టలేదు. అది మంచితనమని పొగడడానికి నాకు మనసొప్పడం లేదు. పెట్టి ఉండాల్సింది. మమ్మల్నందరినీ బజారుకీడ్చి ఉండాల్సింది. ఆయన మీద కూడా నాకు కోపమే.

మాక్ డ్రిల్ అయిన తర్వాతి ఆదివారం ఆ ఊరికి వెళ్లాను. ఏట్లో పోయిన రైతు భార్య ఇంటి ముందు కూర్చుని ఉల్లిగడ్డల కాడలు కోస్తోంది. ఎవరని అడిగింది. ఫలానా ఆఫీసు అన్నాను. లేవలేదు. నిలబడే చెప్పాను. రేడియో భాయ్ చెప్పిన పదిహేను మాటలు వరసగా చెప్పాను. వాటిని తీసేసి నేను రాసింది చెప్పాను. భాయ్ అడిగితే అబద్ధమాడానని చెప్పాను. రిపోర్టు టైపు చేసింది కూడా నేనేనని చెప్పాను. ఆమె కాడలు కోస్తూనే విన్నది.

"ఆ సాయిబును తోడుకొచ్చినావా?" అని అడిగింది.

"పోయినాడమ్మా. నెలన్నర అవుతోంది."

కొడవలి ఆగింది.

"సచ్చినంక వచ్చినావా సెప్పేదానికి?"

తల దించుకున్నాను.

"ఆయప్ప ఈడికి వచ్చినాడు సారూ. మా ఇంటాయన కర్మదినం నాడు. ఒగడే వచ్చినాడు బస్సులో. ఈడనే, నువ్వు నిలబడిన తావునే నిలబడినాడు. 'నేను సెప్పింది అది గాదమ్మా' అన్నాడు. మరి ఎవురు మార్చినారో సెప్పు అని మా బావ గల్లా పట్టుకున్న్యాడు. సెప్పలే. ఎంత అడిగినా సెప్పలే. మా బావ రెండేట్లు ఏసినాడు గూడా."

ఆమె లేచి నిలబడింది.

"నేను దోసిట్లో మన్ను ఎత్తి ఆయప్ప మింద పోసినా. తలకాయ మింద, గడ్డం మింద, కండ్లల్లో. నీ వంశం నాశనమైపోను అని తిట్టినా. తుడుసుకోలే సారూ ఆయప్ప. అట్లే బస్సెక్కి పోయినాడు." ఆమె నా కాళ్ల దగ్గర నేలను చూసింది. "ఆ మన్ను నీది గదా సారూ?"

"నాదేనమ్మా" అన్నాను.

అక్కడే నిలబడ్డాను. ఆమె మన్ను పోయలేదు.